లోడు వేస్తే ఆటోమేటిక్ పికప్ వణుకుతోంది: గేర్‌బాక్స్ విప్పించాలా, ఆగాలా?

అల్లూరు_ఆక్వా | మే 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాది డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, 4x4, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఐదేళ్లయింది, 1,18,000 కి.మీ. తిరిగింది. అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు, డీజిల్ డ్రమ్ములు అన్నీ దీంట్లోనే. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజుల్లో జనరేటర్ ట్రాలీ కూడా వెనక తగిలించి లాగుతాను.

నెల రోజుల నుంచి ఒక సమస్య. హైవే ఎక్కి 65, 70 స్పీడులో కొడవలూరు దాటేసరికి బండి మొత్తం సన్నగా వణుకుతుంది. రోడ్డు మీద స్పీడు గీతలు ఉంటాయే, వాటి మీద పోయినట్టు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పోతుంది, వదిలితే పోతుంది, ఒకే స్పీడులో పట్టుకుంటే మళ్లీ వస్తుంది. బాగా వేడెక్కాక రివర్స్ వేస్తే రెండు సెకన్లు ఏమీ జరగదు, ఆ తర్వాత ధన్‌మని పడుతుంది. మొన్న మధ్యాహ్నం 30 బస్తాల మేతతో వస్తుంటే గేర్‌బాక్స్ ఆయిల్ వేడి లైటు వెలిగింది. పక్కన ఆపి అరగంట కూర్చున్నాను.

వర్క్‌షాపుకు తీసుకెళ్తే కింద చూడలేదు, ఆయిల్ చూడలేదు. ఒక రౌండ్ తిప్పి వచ్చి "గేర్‌బాక్స్ ఓవర్‌హాల్, 2.8 లక్షలు" అన్నారు. ఇన్నేళ్లూ సర్వీసులో ఆయిల్ గురించి అడిగితే "ఇది జీవితకాలం ఆయిల్, ముట్టుకోవద్దు" అన్నది కూడా వాళ్లే. ఇంకో మూడు వారాల్లో పట్టుబడి ఉంది. బండి లేకపోతే చేతులు కట్టేసినట్టే. మా నాయన మొదటి నుంచీ చేతిగేరు బండే తీసుకోమన్నాడు. అమ్మేసి అదే చేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నిర్వాహకుడు | మే 11, రాత్రి 9:41

అన్నా, బండి కంపెనీ పేరు, వర్క్‌షాపు పేరు రాయనందుకు థ్యాంక్స్. జవాబులు రాసేవాళ్లూ ఇదే పాటించండి. సొంత ఫిర్యాదుల్లో ఎవరి పేరూ వద్దు.

బుచ్చి_బొలెరో | మే 11, రాత్రి 10:02

నాయన చెప్పిందే కరెక్టు. లోడు బండికి ఆటోమేటిక్ ఏంది అన్నా? నాది చేతిగేరు, 2,40,000 కి.మీ. అయింది. ఒకసారి క్లచ్ సెట్టు మార్చాను, అంతే. బుచ్చిలో ఏ చెట్టు కింద మెకానిక్కైనా విప్పి బిగిస్తాడు. నీ దానికి మద్రాసు పోవాల్సిందే.

ఆటోనగర్_గేర్‌బాక్స్ | మే 12, ఉదయం 6:15

అన్నా, ముందు నిద్రపో. నేను నెల్లూరు ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా గేర్‌బాక్సులే చేస్తున్నాను, తొమ్మిదేళ్ల నుంచి ఆటోమేటిక్‌లు కూడా. నువ్వు రాసిన లక్షణాలు చదివితే గేర్‌బాక్స్ పోయిందని నాకు అనిపించడం లేదు. చూడకుండా పోలేదని కూడా అనలేను. అందుకే నాలుగు పనులు చెయ్, తర్వాత మాట్లాడదాం.

ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వచ్చే స్పీడులో యాక్సిలరేటర్ అట్టే పట్టుకుని బ్రేక్ పెడల్‌ను ఎడమ కాలితో ఊరికే తాకు. బ్రేక్ పట్టకూడదు, వెనక లైటు వెలిగేంత చాలు. ఆ క్షణంలో వణుకు ఆగిపోతుందా లేదా చెప్పు.

ఫిల్లర్ ప్లగ్ విప్పించి, సన్న పైపు పెట్టి సిరంజితో ఒక పది మిల్లీలీటర్ల ఆయిల్ లాగించు. తెల్ల గుడ్డ మీద వేసి పగటి వెలుతుర్లో ఫొటో పెట్టు. వాసన కూడా చూడు.

ముందు గ్రిల్ వెనక, రేడియేటర్‌కు ముందు గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే చిన్న కూలర్ ఉందేమో, ఉంటే దాని రెక్కల మధ్య ఏముందో టార్చి వేసి చూడు.

స్కానర్ పెట్టించి బండి కంప్యూటర్ చూపించే తప్పుల కోడ్స్ రాసుకో. తుడిపేయనివ్వద్దు.

ఇవన్నీ అయ్యేదాకా లోడు వేయకు, ట్రాలీ అసలు తగిలించకు. ఎవరినీ గేర్‌బాక్స్ దించనివ్వకు.

మార్కాపురం_మాస్టారు | మే 12, ఉదయం 8:30

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెప్పి రిటైరయ్యాను. ఆటోనగర్ తమ్ముడు బ్రేక్ తాకమన్నది ఎందుకో రాస్తాను. కారణం తెలిస్తే పరీక్ష సరిగ్గా చేస్తారు.

ఇంజిన్‌కు, గేర్లకు మధ్య చేతిగేరు బండిలో క్లచ్ ఉన్న చోట ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి ఆన్ చేస్తే దాని గాలికి రెండోది తిరుగుతుంది కదా, అట్లాంటిదే. గాలికి బదులు ఆయిల్. రెండింటి మధ్య స్టేటర్ అని మూడోది ఉండి, తిరిగి వచ్చే ఆయిల్‌ను దారి మళ్లిస్తుంది. బండి కదిలే మొదటి క్షణాల్లో ఇంజిన్ బలం రెట్టింపు దాకా పెరిగేది దాని వల్లే. గట్టు ఎక్కేటప్పుడు ఆటోమేటిక్ బండి మెత్తగా లాగేది ఇందుకే.

కానీ రెండు ఫ్యాన్లు ఎప్పుడూ సమానంగా తిరగవు. ఆ తేడా అంతా వేడిగా మారి ఆయిల్‌లోకి పోతుంది. అందుకని స్పీడు అందుకున్నాక లోపల ఒక క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది. లాకప్ అంటారు. బ్రేక్ తాకితే కంప్యూటర్ ఈ లాకప్‌ను వదిలేస్తుంది. కాబట్టి బ్రేక్ తాకగానే వణుకు ఆగితే దోషం లాకప్ దగ్గర ఉన్నట్టు. గేర్ల లోపలి క్లచ్ ప్లేట్ల దగ్గర, బేరింగుల దగ్గర అయితే అట్లా ఠక్కున ఆగదు.

లాకప్ క్లచ్ పట్టీ పట్టకుండా జారడానికి అన్నిటికన్నా మామూలు కారణం ఆయిల్ సత్తువ పోవడం. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అంటే జిడ్డు ఒక్కటే కాదు. క్లచ్ ఎంత జారాలి, ఎక్కడ పట్టాలి అనేది నిర్ణయించే రసాయనాలు అందులో ఉంటాయి. వేడికి అవి చచ్చిపోతాయి.

అల్లూరు_ఆక్వా | మే 13, సాయంత్రం 5:50

మాస్టారు గారూ, తమ్ముడూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. చెప్పినవన్నీ చేశాను.

బ్రేక్ తాకగానే వణుకు ఆగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఆగింది. కాలు తీయగానే రెండు సెకన్లలో మళ్లీ మొదలు.

ఆయిల్ ఎర్రగా ఉంటుందనుకున్నాను. గుడ్డ మీద వేస్తే చిక్కటి టీ డికాషన్ రంగు. మరక మధ్యలో నల్లగా, అంచుల్లో గోధుమ రంగు. వాసన మాడిన పోపులాగా ఉంది. ఫొటో పెట్టాను.

కూలర్ సంగతి రాయడానికి బాధగా ఉంది. గ్రిల్ విప్పితే రెక్కలు కనపడలేదు. గట్టు మీది దుమ్ము, పురుగులు, సరివి ఆకులు కలిసి అట్టలాగా కట్టుకుపోయి ఉన్నాయి. పైన తెల్లగా ఉప్పు పేరుకుంది. ఒక మూల వాటర్ సర్వీసులో గన్ను దగ్గరగా పెట్టినట్టున్నారు, రెక్కలన్నీ ఒరిగిపోయి మూసుకున్నాయి. ఐదేళ్లలో ఒక్కసారి కూడా అక్కడ చూడాలని నాకు తెలియదు.

కోడ్ ఒకటే వచ్చింది, టార్క్ కన్వర్టర్ క్లచ్ పనితీరుదట.

ఆటోనగర్_గేర్‌బాక్స్ | మే 13, రాత్రి 8:05

అన్నా, మంచి వార్తే. రోగం ఎక్కడుందో దొరికినట్టే. కూలర్ మూసుకుపోయింది, ఆయిల్ ఉడికింది, లాకప్ జారుతోంది. లాకప్ జారితే ఇంకా వేడి, ఆ వేడికి ఆయిల్ ఇంకా పాడు. అది ఒక సుడిగుండం. మధ్యలో ఎక్కడో ఒక చోట తెంపాలి.

ఏటీఎఫ్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య పనిచేస్తుంటే హాయిగా ఉన్నట్టు. 110 దాటితే ఆయుష్షు దబదబా తరిగిపోతుంది. ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగం అవుతుందని మాకు నేర్పిన లెక్క. 120 పైన వార్నిష్ లాంటి పొర కడుతుంది, వాల్వ్ బాడీలో (క్లచ్‌లకు ఆయిల్ ప్రెజర్ పంపే భాగం) సన్న దారులు బిగుసుకుంటాయి. 150 దగ్గర సీళ్లు, క్లచ్ ప్లేట్లు మాడతాయి. మే నెలలో బయటే 43, 44 ఉండే ఊరు మనది. అక్కడి నుంచి మొదలుపెడితే ఎంతసేపు?

ఇప్పుడు చేయాల్సింది: కూలర్ విప్పి మెత్తటి నీళ్లతో, లోపలి వైపు నుంచి బయటికి కడగడం. ఒరిగిన రెక్కల్ని దువ్వెనతో నిలబెట్టడం. ఆయిల్ వదలడం, గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ ప్యాన్ దించడం, ఫిల్టర్ మార్చడం, కొత్త ఆయిల్ పోయడం. రివర్స్ ఆలస్యం కూడా ఆయిల్‌తో తగ్గచ్చు, తగ్గకపోనూ వచ్చు. అది ముందే చెప్తున్నా.

బుచ్చి_బొలెరో | మే 13, రాత్రి 8:40

ఒక అనుమానం. పాత ఆయిల్ ఉన్న ఆటోమేటిక్‌లో కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుందని అందరూ అంటారే? మా బావమరిది కారుకు అట్నే అయింది. మార్చిన వారానికే కదలడం మానేసింది.

ఆటోనగర్_గేర్‌బాక్స్ | మే 13, రాత్రి 9:15

బుచ్చి అన్నా, ఆ మాటలో సగం నిజం ఉంది. ప్లేట్లు అప్పటికే అరిగిపోయిన బండిలో ఆ అరిగిన పొడి ఆయిల్‌లోనే తేలుతూ కొంచెం పట్టు ఇస్తుంటుంది. దాన్ని కడిగేస్తే జారడం బయటపడుతుంది. అంటే అది ముందే పోయింది, ఆయిల్ మార్చాక తెలిసింది. మనం మందు తెచ్చిన రోజే మనిషి పోతే మందు మీద నింద వేసినట్టు.

ఇంకో కారణం ప్రెజర్ మిషన్. కొన్ని చోట్ల మిషన్ తగిలించి ఒత్తిడితో తోస్తారు. ఏ మూలో కూర్చున్న మడ్డి లేచి వాల్వ్ బాడీ సందుల్లో ఇరుక్కుంటుంది. నేను ఆ పని చేయను. మామూలుగా వదిలి, వచ్చినంత కొలిచి, అంతే పోస్తాను. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే. అల్లూరు అన్న బండి ఏ గేర్లోనూ జారడం లేదు, లాకప్ ఒక్కటే. కాబట్టి మార్చడానికి భయపడక్కర్లేదు.

మార్కాపురం_మాస్టారు | మే 13, రాత్రి 9:50

రెండు మూడు సార్లు ఎందుకో లెక్క. ఇట్లాంటి గేర్‌బాక్స్‌లో మొత్తం పది లీటర్లు ఉంటే ప్లగ్ తీస్తే వచ్చేది సుమారు నాలుగు. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. మొదటిసారి మారిస్తే 40 శాతం కొత్తది. రెండోసారి 64. మూడోసారి 78. ఆ తర్వాత చేసే ఖర్చుకు ఫలితం తక్కువ.

చీమకుర్తి_లోడర్ | మే 14, ఉదయం 7:10

గ్రానైట్ క్వారీలో మెషినరీ మెయింటెనెన్స్ నాది. "ఆటోమేటిక్ లోడుకు పనికిరాదు" అని ఇక్కడ చదివితే మనసు ఒప్పుకోలేదు, అందుకే రాస్తున్నా. మా దగ్గర గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు ఎత్తే పెద్ద వీల్ లోడర్లలో ఉండేది టార్క్ కన్వర్టరే. రోజుకు కొన్ని వందల సార్లు ముందుకు, వెనక్కు, ఫుల్ లోడుతో. ఏ క్లచ్ సెట్టూ ఆ పని ఒక్క నెల కూడా చేయలేదు. మా టిప్పర్లలో కొన్నిటికి ఉండేది వేరే రకం, వోల్వో ఐ-షిఫ్ట్ లాంటిది. దాంట్లో కన్వర్టర్ ఉండదు. లోపల మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే, కంప్యూటర్ గేర్లు వేస్తుంది. రెండింటినీ ఆటోమేటిక్ అనే పిలుస్తారు కాబట్టి జనం ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటగడతారు.

మా లోడర్లకు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ 1000 గంటలకు మారుస్తాం. జీవితకాలం అనే మాటే లేదు. మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్ కోసి చూస్తాం. డబ్బా మూత కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి లాగి, ఎండలో చాప మీద పరిచినట్టు పరుస్తాం. నల్లటి పొడి అయితే ప్లేట్ల అరుగుదల. మెరిసే రవ్వలు ఉంటే అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తాం. అంటుకుంటే ఇనుము, బేరింగో గేరో. అంటుకోకుండా ఇత్తడిలా పచ్చగా మెరిస్తే బుష్. ఒకసారి ఇట్లా పచ్చ రవ్వలు చూసి మెషిన్ ఆపాం. యజమాని మొదట ఒప్పుకోలేదు. విప్పితే బుష్ సగం లేదు. ఇంకో పది గంటలు నడిపి ఉంటే షాఫ్టే పోయేది.

అల్లూరు అన్నా, నీ ప్యాన్ దించినప్పుడు కూడా లోపలి అయస్కాంతాలను కడిగే ముందు ఫొటో తీయి. కడిగేశాక ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఉలవపాడు_మామిడి | మే 14, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, మాకు మామిడి తోట ఉంది, పికప్ నేనే నడుపుతాను. నాకు జరిగింది రాస్తాను, మీకు ఉపయోగపడచ్చు.

మా పాత బండిలో గేర్‌బాక్స్ కూలర్ విడిగా లేదు, రేడియేటర్ లోపలే ఉండేది. రెండు సీజన్ల కింద కాయ కోత మధ్యలో రేడియేటర్ నీళ్లు తగ్గడం మొదలైంది. ఎక్కడా కారడం లేదు. నీళ్లు పోసుకుంటూ తిప్పాను, కూలెంట్ కూడా కాదు, బోరు నీళ్లు. వారం తర్వాత గేర్లు పిచ్చిపిచ్చిగా పడ్డాయి. మెకానిక్ ఆయిల్ తీస్తే రోజ్‌మిల్క్ లాగా వచ్చింది. గులాబీ రంగు, నురగ. లోపలి పైపు తుప్పు పట్టి చిల్లు పడి, నీళ్లు గేర్‌బాక్స్‌లోకి పోయాయి. ప్లేట్ల మీది పట్టీ జిగురు నీళ్లకు ఊడిపోతుందట. ఆ గేర్‌బాక్స్ ఇక బతకలేదు.

నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయని ఆ మొదటి రోజే ఆగి అడిగి ఉంటే రేడియేటర్ ఖర్చుతో పోయేది. ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉంటుంది. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు కూలెంట్ కంపెనీ చెప్పిందే పోయండి. తగ్గితే కారణం తెలిసేదాకా బండి తీయకండి.

అల్లూరు_ఆక్వా | మే 14, మధ్యాహ్నం 2:05

అక్కా, చదువుతుంటే నాకే గుండె జారింది. మా బండిలో కూలెంట్ లెవెల్ ఇప్పుడే చూసొచ్చాను, సరిగ్గా ఉంది. ఆయిల్‌లో నురగ లేదు.

కావలి_టు_టెక్సస్ | మే 15, ఉదయం 6:30

కావలి మాది, పదకొండేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ పక్కింటివాళ్లు పశువుల ట్రైలర్లు లాగుతారు కాబట్టి హెవీ డ్యూటీ పికప్‌లు రోజూ చూస్తాను, నాకూ ఒకటి ఉంది. ఈ బండ్లలో అత్యధిక రేటింగ్ ఉన్నవి 16 టన్నులకు పైనే లాగుతాయి. ఇప్పుడు అమ్మే కొత్త హెవీ డ్యూటీ పికప్‌లన్నీ ఆటోమేటిక్‌లే. ర్యామ్ కంపెనీ ఒక్కటే 2018 మోడల్ దాకా చేతిగేరు ఇచ్చింది, తర్వాత అదీ ఆపేసింది.

జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లకు 2001లో అలిసన్ 1000 గేర్‌బాక్స్ పెట్టారు. మొదట ఐదు గేర్లు, 2006 నుంచి ఆరు. దానికి మంచి పేరు రావడానికి ఒక చిన్న కారణం నాకు బాగా నచ్చుతుంది. ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్ లాగా బయట ఒక స్క్రూ ఫిల్టర్ ఉంటుంది. ప్యాన్ దించకుండా ఎవరైనా మార్చుకోవచ్చు. సులువుగా ఉంది కాబట్టి జనం మార్చారు, మార్చారు కాబట్టి అవి నిలబడ్డాయి. ఫోర్డ్ టార్క్‌షిఫ్ట్ 2003లో ఐదు గేర్లతో మొదలై, 2011లో ఆరు, 2020లో పది గేర్లయింది.

అన్నీ గొప్పవని చెప్పను. 2024 చివర్లో జనరల్ మోటార్స్ 2020 నుంచి 2022 మోడళ్ల డీజిల్ బండ్లను 4.6 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. పది గేర్ల ట్రాన్స్‌మిషన్‌లో ఒక కంట్రోల్ వాల్వ్ అరిగి, ప్రెజర్ పడిపోయి, నడుస్తుండగా వెనక చక్రాలు క్షణం పాటు బిగుసుకోవచ్చని. అరుగుదలను ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ వేశారు. అంటే వాల్వ్ బాడీలో ఒక్క వాల్వ్ ఎంత పని చేస్తుందో చూడండి.

నేను చెప్పదలచుకున్నది బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకం గురించి. ఇక్కడి మాన్యువల్స్‌లో సర్వీసు పట్టిక రెండు రకాలుగా ఉంటుంది, మామూలు వాడకానికి ఒకటి, కఠిన వాడకానికి ఒకటి. ట్రైలర్ లాగడం, ఎక్కువ ఎండ, దుమ్ము, తక్కువ స్పీడులో ఎక్కువసేపు నడపడం ఇవన్నీ కఠిన వాడకం కిందికే వస్తాయి. అల్లూరు అన్నా, నీ పుస్తకంలోనూ వెనక పేజీల్లో అట్లాంటిది ఉంటుంది, చూడు. చెరువు గట్టు మీద మేత మోసే బండి ఏ లెక్కన చూసినా కఠిన వాడకమే. "జీవితకాలం" అన్నది ఖాళీగా చల్లటి రోడ్డు మీద తిరిగే బండికి చెప్పిన మాట.

అల్లూరు_ఆక్వా | మే 15, ఉదయం 9:10

కావలి అన్నా, సీటు కింద నుంచి పుస్తకం తీశాను, ఐదేళ్లలో మొదటిసారి. నువ్వన్నట్టే ఉంది. కఠిన వాడకంలో 80,000 కి.మీ.కు ఏటీఎఫ్ మార్చాలని రాసుంది. నాది 38,000 దాటిపోయింది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు_4x4 | మే 15, ఉదయం 11:20

బుచ్చి అన్నకు ఒక విషయం. మన దేశంలో అమ్మే టయోటా హైలక్స్‌లో ఒకే 2.8 లీటర్ల ఇంజిన్. చేతిగేరుకు ఇచ్చిన టార్క్ (తిప్పే బలం) 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌కు 500. ఆటోమేటిక్ నాజూకు అయితే ఎక్కువ బలం దానికి ఎందుకు ఇస్తారు? మన పక్కనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌లోనూ ఇప్పటి 1.9 ఇంజిన్‌కు చేతిగేరైనా ఆటోమేటిక్ అయినా 360 టార్కే.

బుచ్చి_బొలెరో | మే 15, మధ్యాహ్నం 12:05

ఒప్పుకుంటా, బలం సంగతి నాకు తెలియదు. కానీ నా బాధ వేరే. రాత్రి పన్నెండుకు పొలంలో బండి ఆగితే నేను తోసి స్టార్ట్ చేసుకుంటా. ఆటోమేటిక్ తోస్తే స్టార్ట్ కాదు. తాడు కట్టి లాగకూడదు అంటారు. అప్పుడేం చేయాలి?

ఆటోనగర్_గేర్‌బాక్స్ | మే 15, మధ్యాహ్నం 12:40

నిజమే అన్నా, అది ఆటోమేటిక్‌కు ఉన్న లోటే. తోస్తే స్టార్ట్ కాదు, ఎందుకంటే ఇంజిన్ తిరగనిదే గేర్‌బాక్స్ పంపు తిరగదు, పంపు తిరగనిదే లోపల ఏ క్లచ్చూ పట్టదు. తాడుతో లాగితే అదే పంపు ఆగి ఉంటుంది కాబట్టి లోపల గేర్లకు ఆయిల్ అందదు, ఎండిపోయి తిరుగుతాయి. అందుకే క్రేన్ మీద మోసుకురావాలి, నాలుగు చక్రాలూ నేల వదలాలి. సీటు కింద ఒక మంచి జంపర్ కేబుల్ పెట్టుకోండి. బ్యాటరీ నాలుగో ఏడు దాటితే నమ్మకండి.

అల్లూరు_ఆక్వా | మే 18, రాత్రి 8:30

నిన్న పని అయింది. ఆటోనగర్ తమ్ముడి షెడ్డులోనే చేయించాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కనే ఉన్నాను.

డ్రెయిన్ ప్లగ్ తీస్తే 4.2 లీటర్లు వచ్చింది. తమ్ముడు ప్లాస్టిక్ కొలత డబ్బాలో పట్టి గోడకు గీత గీశాడు. ప్యాన్ దించాక నాలుగు అయస్కాంతాలు, చిన్న వడల సైజు. ఒక్కోదాని మీద బూడిద రంగు పేస్టు, కాటుక కన్నా కొంచెం లేతగా. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉంది, గరుకు తగల్లేదు. రవ్వలు లేవు, ముక్కలు లేవు. తమ్ముడు దాన్ని వేలితో నలిపి "అన్నా, గేర్లు బాగున్నాయి" అన్నప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చీమకుర్తి అన్నా, నువ్వు చెప్పినట్టే కడిగే ముందు ఫొటోలు తీశాను, పెట్టాను.

ప్యాన్ అడుగున మాత్రం నల్లటి మడ్డి బాగా ఉంది. అది లాకప్ పట్టీ పొడి అన్నాడు.

కూలర్ విప్పి బకెట్లో నానబెట్టి కడిగాం. మూడు బకెట్ల బురద. రెక్కలు దువ్వడానికి రెండు గంటలు పట్టింది. ఆయిల్ పుస్తకంలో రాసిన గ్రేడే తెప్పించాడు. "ఎరుపు రంగు ఉంటే అన్నీ ఒకటే" అని ఒక షాపులో వేరేది ఇవ్వబోతే తమ్ముడు తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట మీద ఆయనే రాస్తే బాగుంటుంది.

ఆటోనగర్_గేర్‌బాక్స్ | మే 18, రాత్రి 9:00

రంగు అనేది కారితే గుర్తుపట్టడానికి వేసే అద్దకం, అంతే. టయోటాకు డబ్ల్యూఎస్, ఫోర్డ్‌కు మెర్కాన్ రకాలు, ర్యామ్ ఆరు గేర్లవాటిలో కొన్నిటికి ఏటీఎఫ్ ప్లస్ 4, అలిసన్‌కు టీఈఎస్ ప్రమాణాలు, ఇట్లా ఎవరిది వాళ్లకే. చిక్కదనం, రాపిడి గుణం రెండూ వేరు. గ్రేడ్ తప్పితే మంచి గేర్‌బాక్స్‌కే వణుకు తెప్పించచ్చు.

ఇంకో మాట, లెవెల్ గురించి. ఈ అన్న బండికి డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అన్ని గేర్లూ ఒక్కోసారి మార్చి, ఆయిల్ పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు కింది లెవెల్ ప్లగ్ తీయాలి. సన్నటి ధారగా మొదలై చుక్కలుగా మారగానే బిగించాలి. వేడి ఎక్కువయ్యాక తీస్తే ఆయిల్ ఉబ్బి ఎక్కువ కారిపోతుంది, బండి తక్కువ ఆయిల్‌తో వెళ్తుంది. మే నెల మధ్యాహ్నం షెడ్డులో ఈ పని కుదరదు. అందుకే అన్నను సాయంత్రం దాకా కూర్చోబెట్టాను. చల్లారాలి కదా.

అల్లూరు_ఆక్వా | మే 22, రాత్రి 7:45

400 కి.మీ. తిరిగాను. వణుకు మొదటి రోజు సగమైంది. ఈ రోజు 20 బస్తాలతో కొడవలూరు దాటాను, చేతికి తెలియలేదు. ఫోన్‌కు కలిపే చిన్న స్కానర్ కొన్నాను. ఆయిల్ 92 చూపించింది, బయట 42. ఇంతకుముందు ఎంత ఉండేదో తలచుకుంటే భయమేస్తోంది. రేపు రెండోసారి ఆయిల్ మార్పు.

రివర్స్ ఆలస్యం ఇంకా కొంచెం ఉంది. రెండు సెకన్లు కాదు, ఒకటి లోపే.

మార్కాపురం_మాస్టారు | మే 23, ఉదయం 7:00

సంతోషం నాయనా. ఇక నడిపే పద్ధతి గురించి. నేను దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో ఆటోమేటిక్ మీద చాలాసార్లు వెళ్లాను. ఎక్కేటప్పుడు డిలో వదిలేస్తే మూడుకు, నాలుగుకు మధ్య ఊగుతూ ఉంటుంది. ప్రతి మార్పుకూ లాకప్ వదులుతుంది, వేడి పెరుగుతుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి మూడులోనే ఉంచితే ఇంజిన్ కొంచెం అరిచినా ఆయిల్ చల్లగా ఉంటుంది. దిగేటప్పుడూ అంతే, రెండులోనో మూడులోనో పెట్టి ఇంజిన్‌తో ఆపాలి. దిగుడులో న్యూట్రల్‌లో వేయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. నీ చెరువు గట్టు ర్యాంపు మీద లోడుతో ఆపేటప్పుడు ఏం చేస్తావు?

అల్లూరు_ఆక్వా | మే 23, ఉదయం 7:20

పి వేసి దిగుతాను మాస్టారు గారూ. మళ్లీ తీసేటప్పుడు ధడ్‌మంటుంది.

మార్కాపురం_మాస్టారు | మే 23, ఉదయం 7:45

అదే మార్చుకోవాలి. పిలో బండిని ఆపేది వేలెడంత ఉక్కు కొక్కెం ఒకటి. లోడంతా దాని మీద వేలాడుతోంది, ఆ ధడ్ దానిదే. బ్రేక్ తొక్కి పట్టుకుని న్యూట్రల్ వేయి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగు, బ్రేక్ వదిలి బండి బరువు హ్యాండ్‌బ్రేక్ మీదికి రానివ్వు, అప్పుడు మళ్లీ బ్రేక్ తొక్కి పి వేయి.

చీమకుర్తి_లోడర్ | మే 23, ఉదయం 8:15

బురదలో దిగబడితే డి, ఆర్, డి, ఆర్ అని ఊపడం కూడా మానేయ్ అన్నా. ఐదు నిమిషాల ఊపు, గంట హైవే కన్నా ఎక్కువ వేడి. 4ఎల్ (4x4లో లో గేరు) వేసి, టైరు కింద మేత సంచులు పరిచి, మెల్లగా ఒక్కసారే తియ్యి. చక్రం తిరుగుతుండగా రివర్స్ వేయకు, పూర్తిగా ఆగాలి.

బుచ్చి_బొలెరో | మే 23, రాత్రి 9:30

మొత్తం ఎంతయింది అన్నా, దాచకుండా చెప్పు.

అల్లూరు_ఆక్వా | మే 24, ఉదయం 6:00

రెండుసార్లు ఆయిల్, ఫిల్టర్, ప్యాన్ గ్యాస్కెట్, కూలర్ పని, కూలీ కలిపి 24,300. రెండోసారి వచ్చిన ఆయిల్ లేత టీ రంగులో ఉంది, మాడు వాసన పోయింది.

బుచ్చి_బొలెరో | మే 24, ఉదయం 6:25

నా బండికి రెండుసార్లు క్లచ్ సెట్టు మారిస్తే అయ్యే ఖర్చు. 2.8 లక్షలు అన్నవాళ్ల దగ్గర వదిలి ఉంటే? సంతోషం అన్నా, నిజంగా. మా పిల్లోడు ఆటోమేటిక్ పికప్ కావాలని గోల చేస్తున్నాడు, ఈ చర్చ మొత్తం చదివించాను.

అల్లూరు_ఆక్వా | జూన్ 6, రాత్రి 10:50

పట్టుబడి అయింది. నాలుగు రోజులు రాత్రీపగలూ బండి ఆగలేదు. ఐసు, పెట్టెలు, మనుషులు. జనరేటర్ ట్రాలీ మాత్రం తగిలించలేదు, దానికి ట్రాక్టర్ పిలిపించాను. ఆయిల్ అత్యధికంగా 99కి వెళ్లింది, అదీ గట్టు మీద మెల్లగా పోతున్నప్పుడు. వణుకు లేదు. రివర్స్ వేడి మీద అర సెకను ఆలస్యం, అట్నే ఉంది.

మా నాయన పట్టుబడి రెండో రోజు తెల్లవారుజామున పక్క సీట్లో కూర్చున్నాడు. స్కానర్‌లో ఆ అంకె ఏందని అడిగాడు. చెప్పాను. దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆటోనగర్_గేర్‌బాక్స్ | జూన్ 7, ఉదయం 6:10

ఆ రివర్స్ ఆలస్యం నాకు నచ్చడం లేదు అన్నా. సీలు గట్టిపడి ఉండచ్చు, వాల్వ్ బాడీ కావచ్చు. ఇప్పుడే విప్పొద్దు. వెయ్యి కిలోమీటర్లు అయ్యాక మూడోసారి ఆయిల్ మారుద్దాం, అప్పుడు ప్రెజర్ గేజి పెట్టి రివర్స్‌లో కొలుస్తాను. ఆదివారం వద్దు, సోమవారం పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్, చల్లగా ఉన్నప్పుడు. కూలర్ దువ్వెన నా దగ్గరే ఉంది, తెచ్చుకోనక్కర్లేదు.